వంటలక్కను చంపితే ఊరుకుంటారా?

మా ఊరు పెద్దముడియంలో ప్రేమీ విశ్వనాథ్ ఎవరని అడిగితే తలకాయ అడ్డంగా ఊపుతారు. వంటలక్క అనండి, బడికి పోని పిల్లకాయ కూడా చెప్తాడు. ఆమెకు ఆ పేరు తెచ్చిన సీరియల్, 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలైన ‘కార్తీకదీపం’, 2023 జనవరి దాకా నడిచింది. అన్నేళ్లూ రాత్రి ఏడున్నరకు మా వీధిలో ఎవరింటికైనా పోయి పని చెప్పడం మర్యాద కాదు. పగలంతా శనగ చేలో వంగి వంగి నడుములు పోగొట్టుకున్న ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి టీవీ ముందు కూలబడేవాళ్లు. 2020లో ఐపీఎల్ మ్యాచ్‌లూ అదే ఏడున్నరకు పడ్డాయి. రిమోట్ ఎవరి చేతిలో ఉండాలన్న తగాదా ఎన్ని ఇళ్లలో జరిగిందో చెప్పలేను గానీ, మా ఇంట్లో మాత్రం క్రికెట్టే ఓడింది.

కథ తెలియనివాళ్లు ఉంటారని కాదు, ఒకసారి చెప్పుకుంటే బాగుంటుందని చెప్తాను. ప్రేమీ వేసిన వేషం దీప, నల్లటి పిల్ల. డాక్టర్ కార్తీక్ మనసుపడి పెళ్లి చేసుకుంటాడు. కార్తీక్ మీద కన్నేసిన మోనిత పన్నాగంతో, తనకు పిల్లలు పుట్టరని అతను నమ్ముతాడు. దీప కడుపుతో ఉందనగానే అనుమానిస్తాడు. ఆమె ఇల్లు విడిచి, ఇళ్లల్లో వంట చేస్తూ బిడ్డను సాకుతుంది. పుట్టింది కవలలని, రెండో బిడ్డ కార్తీక్ దగ్గరే పెరుగుతోందని ఆమెకు తెలియదు. ఇంకొక పరీక్ష చేయించుకుంటే తేలిపోయే సంగతి కోసం ఏళ్లు పట్టింది. మా పెద్దమ్మ రోజూ ఒకటే మాట: “డాకటేరు సదువు సదివినాడు గదా, ఆ మాత్రం తెలివి ల్యాకపాయెనే!” తిట్టేది. మరునాడు మళ్లీ చూసేది.

కడుపుతో ఉన్న ఆడమనిషి దిక్కులేనిదై తిరగడమన్న కథ మా ఊరికి బాగా పాతది. తూర్పు చాళుక్యుల శాసనాల్లో ఒక గాథ ఉంది. అయోధ్య నుంచి దక్షిణాపథం గెలవడానికి వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవుడితో పోరులో చచ్చిపోతే, నిండు గర్భిణి అయిన అతని రాణి ముడివేము అగ్రహారానికి చేరిందట. విష్ణుభట్ట సోమయాజి ఆమెను కూతురిలా చూసుకున్నాడట. అక్కడే విష్ణువర్ధనుడు పుట్టాడట. ఆ ముడివేము మా పెద్దముడియమేనని పండితుల మాట. రాజు పేరు, కొడుకు పేరు, సోమయాజి పేరు చెప్పేవాళ్లు మా దగ్గర ఇప్పటికీ దొరుకుతారు. రాణి పేరు అడిగితే మాత్రం నీళ్లు నములుతారు.

ప్రేమీది కేరళ, కొచ్చి. ‘కార్తీకదీపం’ మూలం మలయాళంలో 2014లో మొదలైన ‘కరుత్తముత్తు’. అందులోనూ కథానాయిక ఆమే. కొన్నాళ్లకు ఆమె తప్పుకుంటే ఇంకొక నటి వచ్చింది, సీరియల్ ఆగలేదు. తెలుగులో ఆమె గొంతు డబ్బింగ్‌ది. ప్రొద్దుటూరు పిల్ల వెల్లాల సుబ్బమ్మ 1936లో ‘శశిరేఖా పరిణయం’ సినిమాతో శాంతకుమారి అయ్యేనాటికి మొహమూ, మాటా, పాటా అన్నీ ఒక మనిషివే. ఇప్పుడు గొంతు కూడా అరువుదేనని, సీరియల్ నటన చిల్లరపని అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. సీరియల్లో ఎవరో ఒక మాట అంటారు, డప్పులు మోగుతాయి, కెమెరా మూడుసార్లు మొహం మీదికి దూకుతుంది. ఆ కాసేపూ మాట లేకుండా కళ్లతో నిలబెట్టాలి. నిన్న ఏడ్చిన ఏడుపే ఇవాళా ఏడవాలి, చూసేవాళ్లకు విసుగు పుట్టకూడదు. ప్రేమీ మొహంలో ఏడుపు కన్నా రోషం ఎక్కువ కనిపించేది. మొగుడి ముందు గడ్డం కొంచెం పైకెత్తి నిలబడేది. మావాళ్లు పడిపోయింది ఆ గడ్డానికేనని నా అనుమానం.

ఇక ఆ నలుపు సంగతి. ఆమె అంత నలుపు కాదు, రంగు పూసి నల్లగా చేశారు. నల్లపిల్ల పడే అవమానం మీద అన్నేళ్ల కథ నడిపారు గానీ, ఆ వేషానికి ఒక నల్లపిల్లను వెతుక్కోలేదు. మా నేలంతా నల్లరేగడి. ఎంత నలుపైతే అంత విలువని ఎకరాకు లెక్కగట్టే పెద్దమనుషులే పెళ్లిచూపుల్లో కోడలి రంగు చూసి మొహం తిప్పుకుంటారు. సీరియల్లో అత్త సౌందర్య మొదట్లో దీపను ఈసడించిన మాటలు మా ఊళ్లో ఎవరికీ కొత్తగా వినిపించలేదు. కొందరు అత్తలు మాత్రం ఆ మాటలప్పుడు టీవీ వైపు కాకుండా బియ్యం చేట వైపు చూసేవాళ్లు.

2022 మార్చిలో చానల్‌వాళ్లు పెద్ద సాహసమే చేశారు. ప్రమాదంలో దీపా కార్తీక్ ఇద్దరూ పోయారని చూపించి, పిల్లలు శౌర్య, హిమ పెద్దవాళ్లయ్యారని కథను ముందుకు దూకించారు. మలయాళంలో నటి మారినా కథ సాగింది కదా, ఇక్కడా సాగుతుందనుకున్నారేమో. సాగలేదు. రేటింగులు పడ్డాయి. మా వీధిలో ఏడున్నరకు తలుపులు తెరుచుకున్నాయి, ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. “ఆయమ్మ ల్యాకుండా ఏం జూస్తాం ల్యా” అని మా పెద్దమ్మ తేల్చేసింది. కొన్ని నెలలకే చచ్చిపోయినవాళ్లిద్దరినీ బతికించి తెచ్చుకోక తప్పలేదు. ఎట్లా బతికారని మా దగ్గర ఒక్కరూ అడగలేదు. రాస్తున్నది ఎవరో, తీస్తున్నది ఎవరో, గొంతు ఎవరిదో పట్టించుకోని జనం, ఆ ఒక్క మొహాన్ని మాత్రం ఇంకొకరికి ఇవ్వలేదు. పేరు తెలియకుండానే ఇంత పట్టుబట్టారు!

2024 మార్చిలో ‘కార్తీకదీపం’ రెండోసారి వచ్చింది. మళ్లీ ప్రేమీ, మళ్లీ కార్తీక్ వేసిన నిరుపమ్ పరిటాల, మళ్లీ దీపా కార్తీక్‌లే. కథ మాత్రం వేరు. ఇందులో మొదట్లో దీప మొగుడు ఇంకొకడు. మా పెద్దమ్మకు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. “డాకటేరు యాడికి పోయినాడు, ఈడెవుడు?” అని మొదటి వారమంతా నన్ను నిలదీసింది. ఇది పాత కథ కాదు పెద్దమ్మా, కొత్తది అన్నాను. “కతేమన్నా గానీలే, ముందు సౌండు పెంచు” అంది.