నిన్నటి మబ్బులు

18 నవంబరు 2013, సోమవారం, తెనాలి

నెట్ సెంటర్ నుంచి మళ్ళీ ఫోను. "అన్నా, 2 ఎంబీ లైను తీసుకున్నాం. పేజీ తెరుచుకునేలోపు కస్టమరు టీ తాగొచ్చేస్తన్నాడు."

వెళ్ళి చూశాను. పింగ్ నిక్షేపంగా ఉంది. టారెంట్ దూసుకుపోతోంది. జీమెయిల్ ఇట్టే తెరుచుకుంది. హెచ్‌టీటీపీతో మొదలయ్యే మామూలు సైట్లే బొమ్మ బొమ్మకీ ఆగుతున్నాయి. లైను చెడితే అన్నీ చెడాలి కదా! 80వ పోర్టులో వెళ్ళేదాన్ని మాత్రం మధ్యలో ఏదో పట్టుకుంటోంది. పొద్దున బాగానే ఉండి, రాత్రి ఏడు దాటాక ఈ గోలంటే ఆ మిషను మోయలేకపోతోందన్నమాట.

20 నవంబరు, బుధవారం, బాపట్ల

ఇంజనీరింగ్ కుర్రాళ్ళ గదిలోనూ అదే కంపెనీ లైను, అదే జబ్బు. ఒక పరీక్ష చేయించాను. 192.0.2.1 అనే చిరునామాను పుస్తకాల్లో ఉదాహరణల కోసమే విడిగా ఉంచారు. ఆ నంబరుతో ఇంటర్నెట్‌లో ఏ కంప్యూటరూ ఉండదు. టెల్‌నెట్‌లో దానికి 80వ పోర్టు కొట్టమన్నాను. తక్షణం కనెక్టయింది! 81 కొడితే ఉలుకూ పలుకూ లేదు. ఖాళీ స్థలంలో తలుపు కొడితే "ఎవరూ?" అని పలికినట్టుంది. దారిలో మన తరఫున పేజీలు తెచ్చిపెట్టే ప్రాక్సీ కూర్చుని ఉంది.

పేజీతో పాటు వచ్చే హెడర్లు తీస్తే ఆ ప్రాక్సీ పేరు కూడా దొరికింది: స్క్విడ్. పక్కనే "ఎక్స్-క్యాష్: హిట్", "ఏజ్: 61200". అవి సెకన్లు. అంటే మేము చూస్తున్నది 17 గంటల కిందట దాచిపెట్టిన కాపీ.

21 నవంబరు, గురువారం, రేపల్లె

బంగాళాఖాతంలో హెలెన్ తుఫాను. నిజాంపట్నం నుంచి వచ్చిన బోటు యజమాని ఒకాయన నెట్ సెంటర్లో వాతావరణ శాఖ ఉపగ్రహ చిత్రం ముందు కూర్చున్నాడు.

"రేడియోలో దగ్గరకొచ్చిందంటున్నారు, ఇందులో ఇంకా దూరంగానే ఉంది. ఏది నమ్మాలయ్యా?"

బొమ్మ మీద తేదీ చూశాను: 20. ఆ చిత్రానికి ఫైలు పేరు మారదు, లోపల బొమ్మే మారుతుంది. ప్రాక్సీ దాచుకున్న కాపీల గుట్ట, అంటే క్యాష్, ఫైలు పేరు చూసి పాతదే ఇచ్చేస్తోంది. కంట్రోల్, ఎఫ్5 కలిపి కొట్టినా అదే. నా ఫోన్లో 2జీ మీద తెరిచాను. నింపాదిగానైనా ఇవాళ్టి బొమ్మ వచ్చింది. మబ్బు చుట్ట ఒడ్డుకు బాగా చేరువైంది.

"రేడియోనే నమ్మండి బాబాయ్" అన్నాను. ఆయన అప్పటికే బోట్ల వాళ్ళకి ఫోను కలుపుతున్నాడు.

22 నవంబరు, శుక్రవారం, రేపల్లె

మధ్యాహ్నం మచిలీపట్నానికి దక్షిణంగా హెలెన్ తీరం దాటింది. కరెంటు లేదు. కృష్ణకు అవతల దివిసీమను ముంచిన ఉప్పెన కూడా నవంబరులోనే, 1977లో 19న వచ్చింది. ఈ తీరంలో నవంబరు నెలలో కబురు వేళకి అంది తీరాలి.

25 నవంబరు, సోమవారం, తెనాలి

ఈ లైన్లు ఇచ్చే కంపెనీ ఆపరేటరు దగ్గర కూర్చున్నాను. మూడు ఊళ్ళకీ ఆయన గదిలో ఒకటే ప్రాక్సీ. ఆయన లెక్క ఆయనది: బయటి నుంచి కొనే బ్యాండ్‌విడ్త్ ఖరీదు, పదిమంది అడిగే బొమ్మను ఒకసారే తెచ్చుకుంటే డబ్బు మిగులుతుంది. అందులో తప్పు లేదు. సెట్టింగుల ఫైలు తెరిపించాను. ఏ పేజీ అయినా రెండు రోజులు తాజాదే అని రాసి ఉంది. ఆ పక్కనే "ఓవర్‌రైడ్-ఎక్స్‌పైర్", "ఇగ్నోర్-రీలోడ్". సైటు చెప్పిన గడువూ వినొద్దు, వాడేవాడి రీఫ్రెషూ వినొద్దని అర్థం. పైగా హార్డ్ డిస్కు దాదాపు నిండిపోయింది. ప్రతి చిన్న బొమ్మనీ అందులోంచే చదవాలి, అందులోనే రాయాలి. రాత్రిళ్ళు నెట్టు కుంటడం అందుకే.

ఆ రెండు మాటలూ తీయించాను. డిస్కు వాటా తగ్గించాం. వాతావరణ శాఖ పేజీ, దుగ్గిరాల పసుపు ధరల పేజీ, పరీక్ష ఫలితాల సైట్లు అసలు దాచొద్దని రాయించాను. "ఇంకో తుఫాను, లెహర్, వస్తోందండీ, ఇవాళే చేసేయండి" అంటే ఆయన నా ముందే స్క్విడ్‌ను రీస్టార్ట్ చేశాడు.

28 నవంబరు, గురువారం, తెనాలి

లెహర్ బలహీనపడి వాయుగుండంగా మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. రేపల్లె నెట్ సెంటర్ వాళ్ళని అడిగాను. బొమ్మ మీద ఇవాళ్టి తేదీయే ఉందన్నారు, రాత్రి పూట కూడా పేజీలు చకచకా వస్తున్నాయట.

నెట్టు నెమ్మదైతే విసుగే. పాతదాన్ని కొత్తదంటూ చూపిస్తే మాత్రం ప్రమాదం. ఖర్చు తగ్గించుకోవడానికి ఆపరేటరు క్యాష్ పెట్టుకోవచ్చు గానీ, రీఫ్రెష్ కొట్టినవాడికి కొత్త పేజీ ఇచ్చి తీరాలి.