పక్కింటి సీతాఫలం చెట్టు



రోహిణి కార్తె వచ్చింది. రోహిణిలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మే నెల చివరి వారం నుంచి మృగశిర చినుకు పడేదాకా మన నేల సంగతి మనకు తెలుసు. కృష్ణ, తుంగభద్రల మధ్య నడిగడ్డ అయిన గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నల్లమల పక్కనున్న నాగర్‌కర్నూల్‌లోనైనా ఈ రెండు వారాలు పెరళ్ళన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. నేల నెర్రెలు విచ్చుతుంది. గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు కొడుతుంది. బోరు పది నిమిషాలు పోసి దగ్గుతుంది.

అయినా ఈ దినాల్లో పొద్దున్నే పెరట్లో ఒకసారి తిరిగి చూడండి. ఎన్ని బతికి ఉన్నాయో! మునగ వేరు లోతుకు పోతుంది కాబట్టి ఇంత ఎండలోనూ గుప్పెడు ఆకు ఇస్తుంది. పుంటికూరకు చెంబెడు నీళ్ళు దొరికితే చాలు, రెండు రోజులకోసారి పప్పులోకి వస్తుంది. కల్యామాకు చెట్టుకు బియ్యం కడిగిన నీళ్ళే చాలు. మల్లెపొద చివరి పూలు పూస్తోంది. స్నానాల నీళ్ళు పోయే కాలువ పక్కన ఎవరూ వేయని ఆముదం మొక్క గొడుగులాంటి ఆకులు విప్పుకొని నిలబడింది.

మా పెరట్లో వీటన్నిటికంటే మేము గారాబంగా పెంచుకున్నది సొరపాదు. పోయిన సంవత్సరం సంక్రాంతి తర్వాత రెండు గింజలు పెట్టాం. వంటింటి వెనక నాలుగు వెదురు కర్రలు పాతి, పాత పురికొస అల్లి పందిరి వేశాం. మార్చి చివరికల్లా పందిరి నిండింది. ఏప్రిల్‌లో కాయలు దిగాయి. బుధవారం సాయంకాల ప్రార్థనకు వచ్చిన ప్రతి ఇంటికీ ఒక కాయ ఇచ్చి పంపాం. ఎండ ముదిరాక మధ్యాహ్నాలు ఆ పందిరి కిందే మంచం వేసుకున్నాం. ఆదివారం ప్రసంగాలు అక్కడే సిద్ధపరచుకున్నాం. అందరూ వచ్చి "అయ్యగారి పందిరి" అని మెచ్చుకుంటుంటే మాకూ సంతోషంగానే ఉండేది.

మే నెలలో బోరు సన్నగిల్లింది. సొర తీగకు ఆకు పెద్దది, వేరు పైపైనే పాకుతుంది. ఒక్కపూట నీళ్ళు తప్పితే వాలిపోతుంది. ఎండ ఎక్కువైతే మగపూలే ఎక్కువ పూసి రాలిపోతాయి, పిందె నిలవదు. అయినా మేము వదల్లేదు. ఇంట్లోకి తెచ్చిన మంచినీళ్ళల్లోంచి కూడా రోజుకు మూడు బిందెలు దానికే పోశాం. రోహిణి మొదటి వారంలో మూడు రోజులు వడగాలి కొట్టింది. నాలుగో రోజు పొద్దున లేచేసరికి పందిరి మొత్తం కాల్చిన అప్పడంలా ముడుచుకుపోయి ఉంది. మాకు ఏడుపొచ్చినంత పని అయింది. ఆ రోజంతా ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఆ సంగతే చెప్పుకున్నాం.

ప్రియులారా, మీలో కొందరికి యోనా ఈపాటికి గుర్తొచ్చే ఉంటాడు. ఆయన గ్రంథం నాలుగో అధ్యాయం తెరిచి చూడండి. నీనెవె పట్టణం బయట కూర్చున్న ప్రవక్తకు నీడగా దేవుడు ఒక చెట్టును మొలిపించాడు. మన తెలుగు బైబిలులో దాన్ని సొరచెట్టు అన్నారు. హెబ్రీ భాషలో ఆ మాట కీకాయోన్. అది ఆముదం చెట్టని చాలామంది పండితుల అభిప్రాయం. ఆముదం సంగతి పాలమూరు వాళ్ళకు వేరే చెప్పాలా? చెలకల్లో తరాలుగా వేసిన పంట. బిజినేపల్లి మండలం పాలెంలోని పరిశోధనా స్థానం నుంచి క్రాంతి లాంటి రకాలు వచ్చి మన రైతుల చేతికందాయి. సొర అయినా ఆముదమైనా తొందరగా ఎదిగే మొక్క, వెడల్పు ఆకు, చల్లని నీడ. యోనా దాన్ని చూసి ఎంతో సంతోషించాడు. మరునాడు పురుగు కొట్టి, వేడి గాలి వీచి అది వాడిపోతే, బతకడంకంటే చావడమే మేలన్నాడు. అప్పుడు దేవుడు అడిగిన ప్రశ్న మీకు తెలుసు. నువ్వు పెంచని చెట్టు మీద నీకింత జాలి ఉంటే, లక్షా ఇరవై వేల మంది ఉన్న పట్టణం మీద నాకు జాలి ఉండకూడదా అని దాని భావం.

ఈ అధ్యాయం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాం. ఆ ప్రశ్న ఎప్పుడూ యోనాకే తగిలింది గానీ మాకు తగల్లేదు.

మా గోడ పక్కన ఒక ఇంటికి మూడేళ్ళుగా తాళం ఉంది. మన సంఘస్తులే. ఒక దసరా అయ్యాక గుంపు మేస్త్రీ దగ్గర బయానా తీసుకొని, భార్యాభర్తలూ పెద్ద కొడుకూ పుణె వెళ్ళారు. ఇది మనకు కొత్త కాదు. ఈ దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి ఎత్తింది పాలమూరు కూలీలే. వెళ్ళేరోజు ఆ సహోదరి తాళంచెవి మా చేతిలో పెట్టి ఒక్కటే అడిగింది. "అయ్యగారూ, మా దొడ్లె సీతాఫలం చెట్టు మా అత్త పెట్టింది. ఎండకాలం రెండు బిందెల నీళ్ళు పొయ్యుండ్రి. యాది మరువకుండ్రి."

మొదటి సంవత్సరం పోశాం. రెండో సంవత్సరం అప్పుడప్పుడూ పోశాం. పోయిన సంవత్సరం అసలు ఆ గేటే తెరవలేదు. గోడ మీదుగా చూస్తే చెట్టు ఆకులన్నీ రాల్చుకొని బూడిదరంగు కట్టెల మోపులా నిలబడింది. పోయిందిలే అనుకున్నాం. ఉన్న నీళ్ళు బతికున్నదానికి పోయడమే తెలివి అనుకున్నాం. నిజం చెప్పాలంటే నీడ ఇచ్చేదానికి, మెప్పు తెచ్చేదానికి పోశాం.

సొరపాదు ఎండిన వారంలోనే ఆమె ఫోన్ చేసింది. మా క్షేమం అడిగింది, సంఘం ఎట్లుందని అడిగింది, తర్వాత చెట్టు సంగతి అడిగింది. "ఎండిపోయిందమ్మా" అన్నాం. కాసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "ఎండకాలం అది గట్లనే కనవడ్తది అయ్యగారూ. బోడిగుంటది. గోటితోని గీకి చూసిండ్రా?"

చూడలేదన్నాం.

"జర గీకి చూడుండ్రి. లోపల పచ్చగుంటే బతికున్నట్టే."

ఫోన్ పెట్టేముందు మరో మాట చెప్పింది. రెండు నెలల కిందట పెద్ద కొడుకు పనిచేస్తూ మెట్ల మీది నుంచి పడ్డాడట. కాలు విరిగింది. నలభై రోజులు మంచంలో ఉన్నాడు. అద్దె గదిలో ముగ్గురూ కూర్చొని ప్రార్థన చేసుకున్నారట. నిష్ఠూరంగా చెప్పలేదు, ప్రభువు కాపాడాడని సాక్ష్యంగా చెప్పింది. ఆ నలభై రోజుల్లో మేము ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. ఆ నలభై రోజులే మేము సొరపందిరికి నీళ్ళు మోశాం.

ఆ సాయంకాలం తాళం తీసి లోపలికి వెళ్ళాం. పైకొమ్మను గోటితో గీకితే పొడి గోధుమరంగు, పుల్ల టక్కున విరిగింది. రెండోదీ అంతే. మొదటికి మూరెడు ఎత్తులో ఉన్న కొమ్మను గీకాం. బెరడు కింద సన్నగా, తడిగా, పచ్చగా ఉంది. సిగ్గుతో అక్కడే కూర్చుండిపోయాం.

మరునాడు మొదలు చుట్టూ పాది తీసి, పెంట వేసి, పైన పల్లికాయ పొట్టు మందంగా పరిచాం. తడి ఆరకుండా ఆ పొట్టు కాపాడుతుంది. అడుగున చిన్న రంధ్రం చేసి గుడ్డపేలిక దూర్చిన పాత కుండ ఒకటి పక్కన పాతాం. అందులో ఒక్క బిందె పోస్తే మూడు నాలుగు రోజులు వేరుకు చెమ్మ అందుతుంది. ఎండాకాలం నీళ్ళ కరువున్నవాళ్ళు మీరూ ఇలా చేసుకోవచ్చు. ఎండిన కొమ్మలు మాత్రం కోసేశాం. పచ్చి ఉన్నచోటు దాకానే కోశాం.

సీతాఫలం గురించి ఆ తర్వాత తెలుసుకున్నాం. దేశమంతా తోటల్లో వేసే బాలానగర్ రకం పేరు మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగర్‌దే. ఈ చెట్టుకు కొత్త మొగ్గ ఆకు తొడిమ అడుగునే దాగి ఉంటుంది. తొడిమ దాన్ని టోపీలా కప్పి ఉంచుతుంది. పాత ఆకు రాలితేగానీ ఆ మొగ్గ బయటికి రాదు. మనం చావు అనుకొని చూసే బోడితనమే దానికి చిగురుకు దారి. మృగశిరలో రెండు మంచి వానలు పడ్డాక, ఆకు రాలిన మచ్చల దగ్గరే చిగుళ్ళు పొడుచుకొచ్చాయి. వాటితోపాటు ఆకుపచ్చని పూలు తలలు వంచుకొని వేలాడాయి.

అదే నెలలో మేము సంఘపు పేర్ల పుస్తకం తెరిచాం. రెండేళ్ళుగా ఆరాధనకు రానివారి పేర్ల మీద ఎర్ర పెన్సిలుతో గీత గీసి ఉంది. గీసింది మేమే. పదకొండు కుటుంబాలు. కొందరు వలస వెళ్ళినవారు, కొందరు ఊళ్ళోనే ఉండి రానివారు. ఎవరినీ గీకి చూడలేదు, దూరం నుంచి చూసి ఎండిపోయారని రాసుకున్నాం. వారానికి ఇద్దరికి చొప్పున ఫోన్ చేశాం, ఊళ్ళో ఉన్నవాళ్ళ ఇళ్ళకు నడిచి వెళ్ళాం. ఒకాయన మా ముఖం మీదే తలుపు వేశాడు. ఇద్దరి నంబర్లు ఇప్పుడు లేవు. మిగిలినవారిలో చాలామంది ఒకే మాట అన్నారు: "ఇన్ని దినాలకు యాదికొచ్చినమా అయ్యగారూ?" ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. క్షమించమని అడిగాం, ప్రార్థన చేశాం.

అందరూ తిరిగొచ్చారని చెప్పడానికి ఇది రాయడం లేదు. రాలేదు. పక్కింటికి తాళం ఇంకా ఉంది. కొడుకు ఇప్పుడు నడుస్తున్నాడు గానీ బరువు మోయలేడు, వాచ్‌మన్ పని చూసుకున్నాడు. పోయిన దసరాకు చెట్టుకు నాలుగు కాయలే దిగాయి. కళ్ళు విచ్చి, గీతల మధ్య తెల్లబడగానే గట్టిగా ఉన్నప్పుడే కోసి, గడ్డిలో చుట్టి పుణె వెళ్ళే మనిషి చేతికిచ్చాం. చేరేసరికి పండాయట. ఆమె ఫోన్లో ఎక్కువ మాట్లాడలేదు. "మా అత్త యాదికొచ్చింది" అంది.

ఈ ఉదయం మళ్ళీ వెళ్ళి చూశాం. రోహిణి కదా, చెట్టు బోడిగానే ఉంది. నీళ్ళు పోసి వచ్చాం. ఈసారి సొరపాదు పెట్టలేదు, ఆ మూడు బిందెలు ఇటు తెచ్చాం.

ప్రియ దేవుని బిడ్డలారా, ఈ వారం రెండు పనులు చేయండి. మీ పెరట్లో ఎండిపోయిందని వదిలేసిన మొక్క ఉంటే, పీకేముందు కిందికొమ్మ దగ్గర గోటితో గీకి చూడండి. నీళ్ళు పొద్దు పొడవకముందే పోయండి. తర్వాత, మీరు మనసులో గీత గీసేసిన ఒక మనిషికి ఫోన్ చేయండి. అన్నదమ్ముడు కావచ్చు, కోడలు కావచ్చు, సంఘంలో మాట పడినవారు కావచ్చు. ఉపదేశం వద్దు. ఎట్లున్నరని అడగండి చాలు.

దూరంలో ఉండి ఇది చదువుతున్న మీకు ఒక మాట. మేము ఫోన్ చేయడం ఆలస్యమైతే మీరే చేయండి. మీ పేరు మా పుస్తకంలో ఉంది. గీతలు చెరిపేశాం.

ప్రార్థన: ప్రభువా, మాకు నీడనిచ్చినవాటినే ప్రేమించి, నీవు మాకు అప్పగించినవారిని మరచిపోయాం. మమ్మల్ని క్షమించు. మేము ఎండిపోయాయని అనుకున్నచోట నీవు దాచిన పచ్చదనాన్ని వెదికే ఓపిక మాకివ్వు. పరాయి ఊళ్ళలో కష్టపడుతున్న నీ బిడ్డలను కాపాడు. సకాలంలో వానలియ్యి. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.