మోదుగు ఎప్పుడు పూసిందో రాసిపెట్టండి

కొంచెం పెద్ద పోస్టు, తీరికగా చదవండి.

మాది శంషాబాద్ దగ్గర తండా. 2024 ఏప్రిల్ చివర్ల చిరుత ఎయిర్‌పోర్టు గోడ దుంకిన సంగతి మీకు యాదికుండే ఉంటది. అటవీశాఖ వాళ్లు కెమెరాలు, బోన్లు పెట్టి మే 3న పట్టుకొని నల్లమల దిక్కు తీస్కపోయిండ్రు. హాస్టల్ల దోస్తులు "మీ దిక్కు చిరుతలు ఎప్పటి సంది ఉన్నయిరా?" అని అడిగిండ్రు. తాత చెప్పిన ముచ్చట్లు బొచ్చెడున్నయి. తారీఖు ఒక్కటి లేదు.

అమ్రాబాద్‌ల అట్ల కాదు. 2006 నుంచి దేశమంతా నాలుగేండ్లకోసారి పులుల లెక్క తీస్తున్నరు. దారికి రెండు దిక్కుల కెమెరాలు పెడతరు, ఎందుకంటే పులికి కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్కవి వేరు. అక్కడ చెంచు అన్నలను వాచర్లు అంటరు. నన్నడిగితే అది చిన్న మాట.

మన దగ్గర కెమెరాలు లేవు, మోదుగు చెట్లున్నయి. గోర్ బోలిలో కేసూలా అంటం. సీజన్‌వాచ్ అని ఒక పని నడుస్తది. ఒక చెట్టును ఎంచుకొని వారానికోసారి పోయి ఆకు, పువ్వు, కాయ లేవా, కొన్ని ఉన్నయా, చాలా ఉన్నయా అని రాయాలె. "లేవు" అని కూడా రాయాలె, ఇదే ముఖ్యం. రాయకుంటే పూలు లేవో, మనమే పోలేదో తర్వాత ఎట్ల తెలుస్తది? నేను రెండేండ్ల సంది ఒక మోదుగును చూస్తున్న. మా దాది మాత్రం "ఉత్తగ చూసొచ్చుడేందిరా, విస్తర్లకు నాలుగు ఆకులన్న తే" అంటది.

రెండేండ్లు ఏ మూలకూ చాలవు. నీటి పక్షుల లెక్క 1987 నుంచి ప్రతి జనవరిల జరుగుతది. హిమాయత్‌సాగర్ లాంటి చెరువు నిండితే బురద ఒడ్లు మునుగుతయి, అక్కడ మేసే పక్షులు వేరే కుంటలకు పోతయి. ఒక్క ఏడు చూసి తగ్గినయనలేం.

మాకు అంత టైముందా అనేదే నా రంది. చెరువుల కోసం 1996ల వచ్చిన జీవో 111 ఆంక్షలను ఎత్తేస్తూ 2022ల జీవో 69 వచ్చింది. మా చెట్టు పక్క చెల్కల ఇప్పటికే హద్దురాళ్లు పాతిండ్రు. రేపు ఎవరన్న "ఇక్కడ సర్కారు తుమ్మ తప్ప ఏముండె?" అంటే చూపెట్టనీకి ఆ నోట్‌బుక్ ఒక్కటే ఉంది.

మనం హాస్టళ్లల్ల ఉంటం, ప్రతి వారం ఊరికి పోలేం. ఇంటికాడ చదువుకునే పిల్లలకు అప్పజెప్పండి. మా నోట్‌బుక్ ఇప్పుడు మా చెల్లె దగ్గరుంది. పోయిన ఆదివారం రాసింది: ఆకులు చాలా. పూలు లేవు. కాయలు లేవు.