స్టాక్‌హౌస్ ప్రసంగం

అమెరికా అధ్యక్షుని ఆంతరంగిక సిబ్బంది ఇతివృత్తంగా 1999 నుంచి 2006 వరకు ఎన్‌బీసీలో ఏడు సీజన్లు నడిచిన ‘ది వెస్ట్ వింగ్’ ధారావాహికలో యుద్ధాలకూ హత్యాయత్నాలకూ కొదవలేదు. అయినా ఆ ప్రభుత్వయంత్రం పనితీరును అన్నిటికన్నా బాగా విప్పిచూపినది, ఒక శుక్రవారం రాత్రి సిబ్బంది ఎవరూ కార్యాలయం విడిచి వెళ్లలేకపోవడం తప్ప పెద్ద సంఘటనేదీ లేని ఒక భాగం. 2001 మార్చి 14న ప్రసారమైన ఆ భాగం పేరు ‘ది స్టాక్‌హౌస్ ఫిలిబస్టర్’.

ఫిలిబస్టర్ అంటే ఓటింగు జరగకుండా ఒక సెనేటర్ ఎడతెరిపి లేకుండా ప్రసంగిస్తూ సభాకాలాన్ని తన గుప్పిట్లో పెట్టుకోవడం. మాట్లాడే అవకాశం ఒకసారి చిక్కించుకున్న సభ్యుణ్ణి, చర్చకు ముగింపు పలికే క్లోచర్ తీర్మానం నెగ్గితే తప్ప, సభాధ్యక్షుడు కూడా ఇక చాలించమనలేడు. ఆ తీర్మానానికి 1917లో నిర్ణయించిన మూడింట రెండువంతుల మద్దతును 1975లో అయిదింట మూడువంతులకు, అంటే నూరుమందిలో 60 మందికి తగ్గించారు. ఇందుకు ప్రతిగా ప్రసంగీకుడు కూర్చోరాదు, సభ విడిచి పోరాదు. ఏ బిల్లుకు ఎంత సమయమో ముందే తేల్చి, పార్టీలవారీగా పంచి, గడువు దాటితే గంట మోగించే రాజ్యసభను చూసిన తెలుగు పాఠకునికి ఇది వింతగానే తోస్తుంది.

మిన్నెసోటాకు చెందిన వృద్ధ సెనేటర్ హోవర్డ్ స్టాక్‌హౌస్, శ్వేతసౌధం ఎంతో శ్రమపడి ఓటింగు దాకా తెచ్చిన కుటుంబ ఆరోగ్య బిల్లుకు అడ్డుపడి, వంటల పుస్తకం చదవనారంభిస్తాడు. ఇది కేవలం రచయిత చమత్కారం కాదు. 1935లో లూసియానా సెనేటర్ హ్యూయీ లాంగ్ పదిహేను గంటలకు పైగా ప్రసంగిస్తూ ఆయిస్టర్లను ఎలా వేయించాలో నిజంగానే సభకు వివరించాడు. ఇటు శ్వేతసౌధంలో పత్రికా కార్యదర్శి సి.జె. క్రెగ్ తండ్రి 70వ పుట్టినరోజుకు కాలిఫోర్నియా వెళ్లవలసి ఉంది, అధ్యక్షుని సలహాదారు జోష్ లైమన్ బేస్‌బాల్ జట్టు శిక్షణ చూడటానికి ఫ్లోరిడా వెళ్లవలసి ఉంది. ముసలాయన మాత్రం పుట తిప్పుతూనే ఉంటాడు.

రచయిత ఆరన్ సార్కిన్ నేర్పు కథనరీతిలో ఉంది. సి.జె. తన తండ్రికి, జోష్ తన తల్లికి, మరో సలహాదారు శామ్ సీబోర్న్ తన తండ్రికి రాసే ఈమెయిళ్ల ద్వారా కథ నడుస్తుంది గనుక, సెనేట్ నిబంధనలు తెలియని కన్నవారికి చెప్పే వంకతో ప్రేక్షకునికీ అవి బోధపడతాయి. తండ్రి ఏళ్ల తరబడి దాచిన పరస్త్రీ సంబంధం బయటపడి కొద్దిరోజులే అయిన శామ్, ఆ తండ్రికే ఉత్తరం రాయడంలోని మౌనరాజీని ధారావాహిక ఎక్కడా వ్యాఖ్యానించదు. వ్యాఖ్యానం మానుకోవడం సార్కిన్‌కు అరుదైన గుణమని కూడా ఇక్కడ చెప్పుకోవాలి.

ఆటిజం పరిశోధనకు నిధులు చేర్చమని స్టాక్‌హౌస్ అంతకుముందే జోష్‌ను అడిగి భంగపడ్డాడు. ఆయన మనవళ్లలో ఒకరికి ఆటిజం ఉందని సలహాదారులకు తట్టదు, జోష్ సహాయకురాలు డానాకు తడుతుంది. అప్పటిదాకా మొండివాడన్నవారే ఆయనను గెలిపించే దారి వెతుకుతారు. ఆ దారి నిబంధనల్లోనే ఉంది: ప్రసంగీకుడు తన అవకాశాన్ని వదులుకోకుండానే మరొక సభ్యుని ప్రశ్నకు చోటివ్వవచ్చు, ఆ ప్రశ్న ఎంత దీర్ఘమైతే అలసిన గొంతుకు అంత విశ్రాంతి. సైన్యాలను నడిపించగల అధ్యక్షుడు బార్ట్‌లెట్‌కు సెనేట్ మీద ఆజ్ఞ చెల్లదు గనుక, మనవలున్న సెనేటర్లకు ఫోన్లు చేసి, వెళ్లి ప్రశ్నలడగమని బతిమాలుకుంటాడు. అధ్యక్షపదవి హద్దులను గురించి ఈ ఫోన్లు చెప్పినంత స్పష్టంగా పెద్ద ఉపన్యాసాలేవీ చెప్పలేదు.

ఈ కథకు ఒక లోపం లేకపోలేదు. చరిత్రలో ఈ ఆయుధం మనవళ్ల కోసం కన్నా నల్లజాతీయుల హక్కులకు అడ్డుపడటానికే పేరుమోసింది. 1957లో పౌరహక్కుల బిల్లుకు వ్యతిరేకంగా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు మాట్లాడాడు. ఆ చీకటి పార్శ్వం కథలోకి వచ్చి ఉంటే స్టాక్‌హౌస్ మంచితనం తగ్గేది కాదు, ఇంకా బరువెక్కేది. ఇక 1970ల నుంచి సెనేట్ ఒక బిల్లును పక్కనపెట్టి మరొకటి చేపట్టే పద్ధతికి అలవాటుపడటంతో, నిలబడి మాట్లాడే అవసరమే చాలావరకు తప్పిపోయింది. అయినా థర్మండ్ రికార్డును న్యూజెర్సీ సెనేటర్ కోరీ బుకర్ 2025 ఏప్రిల్ 1న 25 గంటల 5 నిమిషాల ప్రసంగంతో దాటాడు. ఏ బిల్లునూ ఆపనందున అది కచ్చితంగా ఫిలిబస్టర్ కాకపోయినా, ఆయన గొంతుకు మధ్యమధ్య విరామం దొరికింది మాత్రం సహచర సెనేటర్లు అడిగిన సుదీర్ఘమైన ప్రశ్నల వల్లనే.