బీఏ అంటే డిగ్రీ కాదండోయ్

ఏవండోయ్, కాస్త ఇటు రండి. పొయ్యి మీద పాలేం లేవుగా? అయితే కూర్చోండి. మా ఉద్యోగం కబుర్లు చెప్పాలని ఎన్నాళ్ల నుంచో ఉంది.

నేను బిజినెస్ అనలిస్ట్‌ని. పొట్టిగా బీఏ. అదే వచ్చిన చిక్కు. పెళ్లిలో ఎవరో పెద్దాయన 'ఏం చేస్తున్నావోయ్?' అంటారు. 'బీఏ అండీ' అంటే 'అదేంటి, మీ నాన్న బీటెక్ అన్నాడే!' అని జాలిపడతారు. పోనీ విడమర్చి చెబుదామా? కోడ్ రాస్తావా? రాయను. టెస్టింగా? కాదు. బొమ్మలు గీస్తావా? అది డిజైనర్ పని. మరి జీతం దేనికి నాయనా? చెప్పండి, ఏమని చెప్పను? అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కోచింగ్ బోర్డులు చూశారుగా, జావా పక్కన, టెస్టింగ్ పక్కన బీఏ కూడా నేర్పుతామంటారు. అక్కడ నేర్చుకొచ్చినవాడిని అడిగినా వాళ్ల అత్తగారికి వివరించలేడు.

నన్నడిగితే మా పని అడగడం. ఎందుకు? ఎవరికి? అలా జరక్కపోతే? చిన్నప్పుడు ఇవే ప్రశ్నలు అడిగితే వీపు విమానం మోత మోగేది. ఇప్పుడు నెలనెలా జీతమిస్తున్నారు.

ఇక యూఎక్స్ డిజైనర్లని మరో జాతి ఉంది. స్క్రీన్ ముందు కూర్చున్న మనిషి విసుక్కోకుండా పని ముగించుకునేలా చూసేవాళ్లు. మంచివాళ్లే. కానీ చాలా ఆఫీసుల్లో బీఏ తన రిక్వైర్‌మెంట్ల డాక్యుమెంటు రాసేసి అవతల పడేస్తాడు, డిజైనర్ దాన్ని సగం చదివి, ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరుస్తుంది. ఇద్దరూ మళ్లీ కలిసేది కొట్లాటలోనే. 'ఇన్ని డబ్బాలు పెడితే స్క్రీన్ అసహ్యంగా ఉంటుంది' అని ఆవిడ. 'రూల్ ప్రకారం ఉండాల్సిందే' అని ఈయన. చూడ్డానికి భలే సరదా. అసలు సంగతేంటంటే, డిజైన్‌కి కావలసిన సరుకు సగం ఈయనగారి జేబులోనే ఉంటుంది. తీసివ్వడు!

నమ్మరా? ఇది వినండి. కిరాణా కొట్లో స్కాన్ చేసి 640 రూపాయలు కట్టారు. మీ ఖాతాలో డబ్బు పోయింది. కొట్టాయన 'రాలేదమ్మా' అంటాడు. ఫోన్లో 'పెండింగ్' అని ఓ గుండ్రం తిరుగుతోంది. మళ్లీ కట్టాలా? సంచీ అక్కడే వదిలేసి వెళ్లాలా? వెనక నిలబడ్డవాళ్లు దగ్గడం మొదలెట్టారు.

ఆ గుండ్రాన్ని అందంగా తిప్పడం డిజైనర్‌కి వచ్చు. ఆ డబ్బు ఏమవుతుందో తెలిసింది మాత్రం, 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌ని టీ తాగుతూ చదివిన బీఏకి. యూపీఐలో ఒక మనిషికి పంపిన డబ్బు అవతల జమ కాకపోతే, మర్నాటికల్లా దానంతటదే మన ఖాతాలోకి వచ్చేయాలి. కొట్టుకి కట్టినప్పుడు కొట్టాయనకి కబురు అందకపోతే ఐదు రోజుల్లోగా రావాలి. గడువు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయలు మనకే ఇచ్చుకోవాలి. ఎంత మంచి మాట! ఇది ఎక్కడుంటుంది? బీఏ గారి డాక్యుమెంటు చివర, అనుబంధంలో, ఎవరూ తెరవని పట్టికలో.

అదే ముక్క డిజైనర్ చెవిన వేశాడనుకోండి. గుండ్రం కింద ఓ రెండు వాక్యాలు వస్తాయి. 'కంగారు పడకండి. కొట్టుకి చేరకపోతే ఈ 640 రూపాయలు శుక్రవారంలోగా మీ ఖాతాకి తిరిగి వస్తాయి.' అంతే. రంగు మారలేదు, బొమ్మ మారలేదు. మీ రక్తపోటు మారింది. ఏం జరుగుతోందో వాడేవాళ్లకి ఎప్పటికప్పుడు తెలియాలని యూజబిలిటీ (వాడుక సౌలభ్యం) నిపుణుడు జాకబ్ నీల్సన్ 1994లోనే తన పది సూత్రాల్లో మొట్టమొదటిదిగా పెట్టాడు. బాగానే ఉంది. కానీ 'శుక్రవారం' అని ఆయన చెప్పలేడుగా? అది చెప్పాల్సింది మా బీఏనే.

డిజైన్ బొమ్మలు ఎప్పుడైనా చూశారా? అందులో అంతా శుభమే. నెట్ ఫుల్లు, ఖాతాలో డబ్బు ఫుల్లు, ఫొటోలో అమ్మాయి నవ్వుతూ ఉంటుంది. పేరు మూడక్షరాలు. మరి మన వీర వెంకట సత్యనారాయణ మూర్తిగారు ఏ డబ్బాలో పడతారండీ? ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు డబ్బాలు చూడగానే మనవాళ్లకి చెమటలు పడతాయి. ఇంటిపేరు మనకి ముందు, ఇంగ్లిషువాళ్లకి చివర. పాన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్లో ఇనీషియల్‌తో ఇంకోలా. పాస్‌పోర్టులో పేరు ఒక్క డబ్బాలోనే ఉంటే అమెరికా వీసా మీద 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. ఫస్ట్ నేమ్ తెలియదని అర్థం. లక్షణంగా పురోహితుణ్ని పిలిచి, బియ్యంలో రాసి పెట్టిన పేరు తెలియకపోవడమేమిటి!

ప్యాట్రిక్ మెకెంజీ అని అప్పట్లో జపాన్‌లో ఉన్న ఓ ప్రోగ్రామర్, 2010లో పేర్ల గురించి ప్రోగ్రామర్లు నమ్మే అబద్ధాలన్నీ ఏకరువు పెట్టాడు. మొత్తం 40. ప్రతి మనిషికీ ఇంటిపేరు, సొంత పేరు విడివిడిగా ఉంటాయనుకోవడం లాంటివి. చదువుతుంటే మన చుట్టాలందరూ వరసగా గుర్తొస్తారు.

ఇక్కడ బీఏ చేయాల్సింది ఒక్కటే. 'ఈ పేరుతో మనకేం పని?' అని అడగడం. పాన్‌తో సరిచూడాలా? అయితే ఒకే డబ్బా పెట్టి, 'పాన్ కార్డులో ఉన్నట్టే రాయండి' అనండి. పొద్దున్నే నమస్కారం పెట్టడానికా? 'మిమ్మల్ని ఏమని పిలవమంటారు?' అని అడగండి. మూర్తిగారు హాయిగా 'మూర్తి' అని కొట్టి ఊరుకుంటారు.

మా వాళ్లకో పాడు అలవాటుంది, చెప్పకపోతే పాపం. అవసరం రాయమంటే పరిష్కారం రాసేస్తారు. 'రాష్ట్రం ఎంచుకోవడానికి డ్రాప్‌డౌన్ ఉండవలెను.' ఎవరు చెప్పారు? కావలసింది చిరునామా. పిన్‌కోడ్ అనే ఆరంకెల వరం మనకి 1972 ఆగస్టు 15 నుంచి ఉంది. మొదటి అంకె 5 అయితే ఆంధ్రా, తెలంగాణ, కర్ణాటక వైపు. ఆరూ కొట్టించుకుంటే జిల్లా, రాష్ట్రం చాలావరకు మిషనే నింపుతుంది, తప్పుంటే మనిషి దిద్దుకుంటాడు. 'చిరునామా తప్పు లేకుండా రావాలి' అని రాసి వదిలేస్తే డిజైనర్ ఆ దారి తనే కనిపెట్టేది. డ్రాప్‌డౌన్ అని రాసి ఆవిడ చేతులు కట్టేశారు!

ఆఫీసు గదిలో కూర్చుంటే మాత్రం ఇవేవీ కనిపించవు. పెళ్లి వంట బాగుందో లేదో వంటవాణ్ని అడిగితే ఏం తెలుస్తుంది? విస్తళ్లలో ఏం మిగిలిందో చూడాలి గానీ. ఏ బ్యాంకు కౌంటర్‌కైనా, ఏ గోడౌన్‌కైనా వెళ్లండి. లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ పక్కనే ఓ అట్ట పుస్తకం ఉంటుంది. అందులో గుమస్తాగారు ఏదో గిలుకుతూ ఉంటారు. ఏమిటండీ అంటే, 'కంప్యూటర్లో ఇది దొరకదు, అందుకని రాసుకుంటా' అంటారు. నాకైతే ఆ పుస్తకం కనిపిస్తే పండగే! సాఫ్ట్‌వేర్‌లో ఏం లోపించిందో ఆయన రోజూ నీలం ఇంకుతో రాసి పెడుతున్నారు. బీఏకి ఎలాగూ అక్కడికి వెళ్లే పని ఉంటుంది. పక్క సీట్లో డిజైనర్‌ని కూడా ఎక్కించుకెళ్లొచ్చుగా? పెట్రోలేం పెరగదు.

అంకెలు తిరగేయడం మా మరో పిచ్చి. అమెరికాలో జారెడ్ స్పూల్ అని యూజబిలిటీ పండితుడు చెప్పే కథొకటి మా వాళ్లలో చాలామందికి తెలుసు. పెద్ద ఆన్‌లైన్ దుకాణం. ఆయన దాని పేరు చెప్పలేదు. బుట్ట నింపి డబ్బు కట్టబోయే ముందు 'రిజిస్టర్ అవ్వండి' అనే బటన్ అడ్డం నిలబడేది. కొత్తవాళ్లకి చిరాకు. పాతవాళ్లకి పాస్‌వర్డ్ గుర్తుండదు. తర్వాత డేటాబేస్ తిరగేస్తే, ఖాతాదారుల్లో నూటికి 45 మందికి ఒకటికన్నా ఎక్కువ ఖాతాలున్నాయి! పాస్‌వర్డ్ మర్చిపోయామని అడిగేవాళ్లు రోజుకి సుమారు 1,60,000. అందులో ముప్పావు వంతు మంది ఆ తర్వాత కొనే ప్రయత్నమే చేయలేదు. ఆ బటన్ తీసేసి 'ముందుకు' అని పెట్టి, ఖాతా లేకపోయినా కొనుక్కోవచ్చని పక్కన ఓ ముక్క రాశారు. మొదటి ఏడాదే 30 కోట్ల డాలర్ల అమ్మకం పెరిగిందట. ఒకే మనిషికి నాలుగేసి ఖాతాలున్నాయని తెలియడానికి సౌందర్య దృష్టి అక్కర్లేదు. ఒక క్వెరీ చాలు. ఆ క్వెరీ కొట్టే మనిషి, బటన్ పేరు మార్చే మనిషి ముందే కలిసి టీ తాగి ఉంటే ఎన్ని డాలర్లు కలిసొచ్చేవో మీరే లెక్కేసుకోండి.

ఆ, అన్నట్టు క్యాలెండర్ గోల చెప్పనేలేదు కదూ! పుట్టిన తేదీ అడిగే చోట చక్కటి క్యాలెండర్ పెడతారు. ముద్దొస్తుంది. 2025 జనవరిలో తెరిచామనుకోండి, ఆ నెలే కనిపిస్తుంది. మన పెద్దాయన పుట్టింది 1948 జనవరి. నెలకో నొక్కుడు చొప్పున వెనక్కి వెళ్లాలి. 924 నొక్కుళ్లండీ! మధ్యలో వేలు జారితే రామకోటి మళ్లీ మొదలు. అది పెన్షనర్ల కోసం కడుతున్న యాప్ అని, వాడేవాళ్లలో ఎక్కువమంది అరవై చుట్టూనో ఆపైనో ఉంటారని బీఏకి మొదటి మీటింగులోనే తెలుసు. నోరు విప్పి డిజైనర్‌తో అనేస్తే పోయేదేముంది? తేదీ, నెల, సంవత్సరం అని మూడు చిన్న డబ్బాలు పెడతారు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని పది సెకన్లలో కొట్టేస్తారు. ఆపైన 'ఈ యాప్ చేసిందెవరోయ్, బాగుందే' అని ఆరా తీస్తారు కూడా. అప్పుడు మాత్రం బీఏ అని చెప్పకండి. మళ్లీ ఏ సంవత్సరం పాసయ్యావని అడుగుతారు.