ఇంటి కంప్యూటరు – జీర్ణోద్ధారణము

మన యిండ్లలో యంత్రములకు క్రొత్తది, పాతది యను రెండు పేర్లే కాని మూడవ పేరు లేదు. కొన్ననాడు పసుపుకుంకుమలు పెట్టి పూజింతుము. పదియేండ్లు గడచి నడక కొంత మందగించినచో "ఇది పాతబడినది" యని యొక్కమాటతో తీర్పు చెప్పివేయుదుము. ఏ భాగము పాతబడినది, ఏ భాగము గట్టిగా నున్నది యని విచారించు వారు అరుదు. ఎద్దు కుంటినచో రైతు దాని గిట్టను చూచును గాని యెద్దును వెంటనే సంతకు తోలుకొనిపోడు. కంప్యూటరు విషయమున మాత్రము చదువుకొన్న మనకు ఆపాటి విచారణయు లేదు. ఈ యవిచారమువలన ధనము పోవుటయే కాక, ఒక్కొక్కప్పుడు ఇంటిలోని యొకరి చదువునకే భంగము కలుగును. మా యింట జరిగిన సంగతి యిందులకు నిదర్శనము.

మా కంప్యూటరు 2014వ సంవత్సరమున హనుమకొండలో భాగములు కూర్పించి కొన్నది. ఇంటెల్ వారి నాలుగవ తరపు ఐ-5 ప్రాసెసరును, 8 జీబీల ర్యామును అందు కలవు. వేరుగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ప్రాసెసరులోనే యిమిడియున్న చిన్న దృశ్యభాగముతో పని గడచుచుండెను. లెక్కలు వ్రాసికొనుటకును, పత్రికలు చదువుటకును అది చాలియుండెను. మా యమ్మాయి రూపకల్పన విద్యలో ప్రవేశించిన పిదప చిక్కు వచ్చినది. మన వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి చదువరు లెరిగినదే. కొత్తవాడ మగ్గములపై నేయబడు నమూనాలను నేయకమునుపే కంప్యూటరులో గీచి, ఒక గది నేలపై పరచినట్లును, కిటికీ వెలుతురు దానిపై పడినట్లును కొనువారికి చూపింపవలెనని యామె పూనిక. నచ్చని నమూనాకు నూలును, నేతగాని శ్రమయు వ్యర్థము కాకుండుట యిందలి ప్రయోజనము. ఇందులకై యామె బ్లెండరను సాఫ్ట్‌వేరును వాడుచుండెను. దీనికి వెల లేదు. 2002 నుండి దీని మూలము సైతము ఎల్లరకు తెరచియుంచబడినది. కాని మా యంత్రముపై ఒక్క చిత్రము సిద్ధమగుటకు ఎనిమిది గంటలు పట్టుచుండెను. క్రొత్త బ్లెండరు ప్రతులు కోరు కనీస యంత్రముల పట్టికలో మా దృశ్యభాగమునకు చోటే లేదు.

మేము విచారింపగా ఒక దుకాణదారుడు యంత్రమును తెరచియైన చూడక, పాతదానిని చెత్తలో వేసి డెబ్బదివేల రూపాయలు పెట్టి క్రొత్తది కొనుడని సెలవిచ్చెను. అంత ధనము ఆ సమయమున మా యొద్ద లేదు. బంధువులలో పెద్దవారొకరు, "పాతదానికి పెట్టిన పైసలు బూడిదలో పోసిన పన్నీరు. పైగా ఆడపిల్ల రెండేండ్లలో అత్తవారింటికి పోయేది. ఈ చదువు మాని యింకొకటి తీసికొమ్మనరాదా?" అనిరి. ఆమె తన విషయమును నిర్ణయించుకొనుటకు నెల దినములే గడువుండెను. అప్పుడు మా యమ్మాయి కోపము తెచ్చుకొనక, "బాపూ, అంతా పాతబడ్డదని ఎవరు చూసిండ్రు? ఒకసారి విప్పి చూద్దాం" అనెను. ఆ ప్రశ్న న్యాయమైనది. విప్పి చూచితిమి.

ఇచట గ్రాఫిక్స్ కార్డు చేయు పనిని కొంచెము వివరించుట యవసరము. మనము చూచు సామాన్యమైన తెర అడ్డముగ 1,920, నిలువుగ 1,080 చుక్కలు కలది. అనగా మొత్తము 20,73,600 చుక్కలు. బొమ్మ కదలుటకై వీనిని సెకనునకు అరువదిసార్లు మార్చవలయును. సెకనునకు పండ్రెండు కోట్లకు పైగా చుక్కలన్నమాట. ప్రాసెసరు మహాపండితుని వంటిది. ఎట్టి చిక్కులెక్కనైనను విడదీయును గాని, ఏకకాలమున నాలుగైదు పనులకన్న పెట్టుకొనలేదు. గ్రాఫిక్స్ కార్డు వందలకొలది నేతగాండ్రు గల పేట వంటిది. ఒక్కొక్కరు చేయునది చిన్నపనియే. అందరు నొక్కసారి చేయుదురు. 2019 ఏప్రిలులో ఎన్విడియా వారు విడుదల చేసిన జీటీఎక్స్ 1650 అను సామాన్యపు కార్డులోనే యిట్టి గణన భాగములు 896 కలవు. బొమ్మలకై పుట్టిన యీ సాధనమే నేడు కృత్రిమ మేధకు ఆధారమైనది. 2012లో టొరంటో విశ్వవిద్యాలయము వారు బొమ్మలను గుర్తించు యంత్రమునకు శిక్షణ యిచ్చినది ఆటలకై అమ్మబడిన రెండు కార్డులతోనే. కావున దీనిని పిల్లల యాటవస్తువని త్రోసివేయరాదు.

ఇక మా యంత్రములో తేలినదేమి? ప్రాసెసరు చెడలేదు. ర్యాము చెడలేదు. పదకొండేండ్ల దుమ్ము పంకారెక్కలకు దూదివలె పట్టియుండెను. ఓరుగల్లు వేసవిలో ఉష్ణము నలుబది డిగ్రీలు దాటుట సామాన్యము. అట్టి యెండలో గాలి యాడని యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. దానినే మనము ముసలితనమందుము. దుమ్ము దులిపి, ప్రాసెసరుపై ఎండిపోయిన పేస్టును తుడిచి క్రొత్తది పూయగనే సగము బాధ తీరినది. మిగిలిన లోపము దృశ్యభాగమొక్కటియే. దానికి వలసిన పొడవైన స్లాటు మదరుబోర్డుపై పుట్టినది మొదలు ఖాళీగనే యున్నది.

అయినను దొరకిన కార్డునెల్ల తెచ్చి గుచ్చరాదు. నాలుగు సంగతులు ముందు చూడవలయును. మొదటిది విద్యుత్తు. ఆ స్లాటు ఇయ్యగలది 75 వాట్లు మాత్రమే. అంతకు మించి కోరు కార్డునకు ఎస్.ఎం.పి.ఎస్. నుండి వేరు తీగ కావలయును. పాత ఎస్.ఎం.పి.ఎస్.పై పెద్దబరువు మోపినచో కంప్యూటరు నడుమ నడుమ ఆరిపోవును. రెండవది క్యాబినెట్టులో కార్డు పట్టునంత చోటు. మూడవది మానిటరు తీగ. పాత మానిటర్లకు నీలిరంగు వీజీఏ తీగ యుండును. ఈకాలపు కార్డులకు ఆ రంధ్రము లేదు, నడుమ నొక కన్వర్టరు పెట్టవలయును. నాలుగవది కంపెనీవారి యాదరణ. 1650 కన్న ముందు తరమునకు చెందిన 1050 టీఐ యను కార్డు చౌకగ దొరకును గాని, దాని తరమునకు నిత్యపు డ్రైవరు సహాయమును ఎన్విడియా వారు 2025లో ముగించిరి. కావున చౌకదనమే చూడక 1650నే యెంచుకొంటిమి.

ఆ కార్డు వాడినదియే కొంటిమి. ఇట్టి బేరమున జాగ్రత్త యవసరము. ఎథీరియమను నాణెమును తవ్వుటకై పగలురేయి మండించిన కార్డులు, 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి మారిన పిదప, లోకమంతట పాతసరుకుల బజారునకు వచ్చిచేరినవి. అందుచేత పైకము చెల్లింపకమునుపే దానిని అరగంట పూర్తిబరువుతో నడిపించి, వేడిమిని, పంకా చప్పుడును పరీక్షించితిమి. కార్డునకు 6,500, కన్వర్టరునకు 400, పేస్టునకు 200. మొత్తము 7,100 రూపాయలు. దుకాణదారుడు చెప్పిన దానిలో ఇంచుమించు పదియవ వంతు. మరలు విప్పినదియు, కార్డు బిగించినదియు మా యమ్మాయియే. మేము దీపము పట్టుకొని నిలిచితిమి. ఎనిమిది గంటల చిత్రము గంటన్నరలో ముగిసెను. గడువు లోపల ఆమె తాను కోరిన విషయమునే వ్రాసియిచ్చెను.

పాతదెల్ల మంచిదని మా వాదము కాదు. బోర్డు కాలిపోయిన యంత్రమునకు ఏ కార్డును ప్రాణము పోయలేదు. మా ప్రాసెసరు క్రొత్త విండోసు 11 కోరు నిబంధనలకు సరిపడదు. విండోసు 10కి ఉచిత రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. మేము లినక్సు వేసికొని పని గడుపుచున్నాము. అది యందరకు అనుకూలింపకపోవచ్చును. ఇంకను మూడు నాలుగేండ్లకు మా యంత్రము నిజముగనే విశ్రాంతి కోరును. అప్పుడు కార్డును తీసి వేరొక యంత్రమున పెట్టుకొందుము. భాగములెరిగినవానికి నష్టము తక్కువ.

పారవేయుట యన నేమో కూడ తెలియవలయును. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2022లో లోకమున పుట్టిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు; అందు సరియైన రీతిని తిరిగి వాడుకకు తెచ్చినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22 వంతులు. మిగిలినదానిలో చాలభాగము ఎచట చేరును? బోర్డులను కాల్చి రాగి తీయు పేదల చేతులలోనికి, వారి పిల్లల యూపిరిలోనికి. మనదేశమున 2023 ఏప్రిలు 1 నుండి క్రొత్త నిబంధనలు అమలునకు వచ్చి, తయారుచేసినవారిపై బాధ్యత మోపినవి. కాని గుమ్మము ముందు బండివానికి తూకమునకు వేయు గృహస్థుని ఏ నిబంధన మరల్చగలదు?

మన నగరమునకు ఈ విద్య క్రొత్తది కాదు. వేయిస్తంభముల గుడి కల్యాణమండపము శిథిలమైనప్పుడు దానిని పాతదని కూల్చివేయలేదు. పురావస్తుశాఖవారు రాయి రాయిగ విప్పి, చెడినవానికి మారుగ క్రొత్తవి చెక్కించి, మంచివానిని యథాస్థానమున నిలిపి, 2024 మార్చి 8న శివరాత్రినాడు తిరిగి తెరచిరి. దేవునికి చేసిన విచారణ మన యింటి వస్తువునకు చేయరాదా?

సోదరులారా, మీ యింట మూలబడిన కంప్యూటరును అమ్మకమునుపు ఒక్కసారి తీగ పెరికి, ప్రక్కతలుపు విప్పి చూడుడు. ఆ సమయమున కుమారునితోపాటు కుమార్తెను కూడ పిలువుడు. స్క్రూడ్రైవరు ఆమె చేతికిండు. మన పాఠశాలలలో కంప్యూటరు మీట నొక్కుట నేర్పుచున్నారు గాని మూత తీయుట నేర్పుట లేదు. ఏడాదికొక దినము పాడైన యంత్రము నొకదానిని బల్లపై విప్పి, ఇది ప్రాసెసరు, ఇది ర్యాము, ఇది కార్డు అని పిల్లలచేత పట్టించి చూపిన చాలును. దానికి ఖర్చు లేదు, ఉపాధ్యాయునకు మనసుండవలయును. తన వస్తువులోని భాగముల పేర్లెరిగిన గృహమును ఏ దుకాణదారుడును బెదరింపలేడు, ఆ యింటి పిల్లల చదువు ఒక్క కార్డు లేని కారణమున ఆగిపోదు.