రాతిని పట్టుకొన్న గుల్ల

మా ఉప్పాడ తీరమును సముద్రము ఏండ్ల తరబడి కోసివేయుచున్నది. కాకినాడ బాటను కాపాడుటకై ఒడ్డున కొండరాళ్లు పోసియున్నారు. ఒక ఉదయమున, నీరు తీసినవేళ, నేను ఆ రాళ్లమీద కూర్చుండి విచారపడుచుంటిని.

గత వానకాలమున మా పినతల్లి యిల్లు కెరటముల పాలయ్యెను. కుమారుడు దూరపు పట్టణమునకు రమ్మనెను. ఆమె పోలేదు. లోపలి వీధిలో, మన సంఘస్థుల యిండ్ల నడుమ, చిన్న గది అద్దెకు తీసికొనెను.

“పిన్నీ, అక్కడ సుఖముగా ఉండవచ్చునే” అంటిని.

“నేను జబ్బుపడితే తలుపు తట్టి ప్రార్థన చేసేదెవరురా అక్కడ?” అనెను.

అది మొండితనమని తలచి కోపముగానే వచ్చివేసితిని.

ఆ రాళ్లనిండ తెల్లని గుల్లలు. అడుగు వేసినచో అరికాలు కోయు ఈ గుల్లలను మీరును చూచియుందురు. ఇంగ్లీషులో బార్నకిల్ అందురు. పూర్వము పండితులు వీటిని నత్తల, ఆలిచిప్పల జాతిలో లెక్కించిరి. వీటి పిల్లలు నీటిలో ఈదుట కనిపెట్టి, ఇవి రొయ్యలకు, పీతలకు చుట్టములని జాన్ వాన్ థాంప్సన్ అను వైద్యుడు 1830లో ప్రకటించెను.

ఈ ప్రాణి బాల్యమున సముద్రమందు తిరుగును. స్థిరపడు కాలము రాగానే ఆహారము మాని చోటు వెదకును. మీసములతో రాతిని తడవి చూచును. తన జాతివారు కాపురమున్న చోటును గుర్తుపట్టి, వారి ప్రక్కనే దిగుటకు ఇష్టపడును. పిమ్మట తలను జిగురుతో అంటించుకొని, చుట్టును సున్నపు గోడలు కట్టుకొనును. ఇక ఆ చోటు విడువదు. నీరు వచ్చినప్పుడు తలుపు తెరచి, ఈకలవంటి కాళ్లతో ఆహారమును నోటికి చేర్చుకొనును. నీరు తీయగానే తలుపు మూసికొని, లోపలి తడితో ఓర్చుకొనియుండును.

ప్రియులారా, అది తలపోయగా నాకు సిగ్గు కలిగెను. తనవారు బ్రతికినచోట తానును బ్రతుకవచ్చునని ఆ అల్పప్రాణి ఎరుగును. ఆదివారమాదివారము గుడిలో ముందు కూర్చుండు నేను ఎరుగనైతిని.

అయినను ఒక భేదము కలదు. పెద్ద కెరటము ఆ కొండరాళ్లను దొర్లించినచో గుల్లయు వాటితో దొర్లును. మన బండయైన క్రీస్తు కదలడు. రేపు ఆ లోపలి వీధియు సముద్రము పాలు కావచ్చును. ఆయనను పట్టుకొని, ఒకరి ప్రక్క ఒకరము ఉన్నయెడల మనము ఎక్కడికి పోయినను సంఘమే.

ఆ సాయంకాలము పిన్ని తలుపు తట్టి, ఆమెతో మోకరించితిని. మీ వీధిలో ఒంటరిగానున్నవారి తలుపు ఈ వారము ఎవరు తట్టిరి?